వీరస్వర్గమును రక్షణ యనవచ్చునా?

స్వామికార్యమునకై ప్రాణము విడిచిన పల్నాటి వీరుని స్వర్గమును, ఫ్రెంచి వీరకావ్యమగు రోలాండు గీతములోని క్రైస్తవవీరుని రక్షణయు ఒక్కటియే యని కొందఱు యువపరిశోధకులు వ్రాయుచున్నారు. ఈ సమీకరణము నాకు సమ్మతము కాదు.

రోలాండు గీతము సుమారు 1100 నాటిది. 778లో జరిగిన యుద్ధము దాని వస్తువు. అందు యుద్ధమునకు ముందు ఆర్చిబిషప్ టర్పిన్ సైనికుల పాపములను క్షమించి, శత్రువులను కొట్టుటయే ప్రాయశ్చిత్తమని విధించును. మరణకాలమున రోలాండు తన పాపములను ఒప్పుకొని, కుడిచేతి తొడుగును దేవునివైపు చాచును. సామంతుడు ప్రభువునకు సమర్పించు చిహ్నమది. గాబ్రియేలు దూత దానిని అందుకొనును. స్వామిభక్తి అచట దైవభక్తిలో లీనమైనది, నిజమే. కాని పాపక్షమ ముందు, స్వర్గము తరువాత.

మన కారెంపూడి రణమున ఆ పాపాంగీకారమేది? శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదలో బాలచంద్రుని నడిపినది పౌరుషము, స్వామికార్యము, పాపభయము కాదు. పైగా వీరులు స్వర్గమున కేగిరని చెప్పుచునే, కారెంపూడి వీరులగుడిలో కార్తికమున ఏటేట కొలిచి వారిని ఊరిలోనే నిలుపుకొనుచున్నాము!

పూర్వపక్షమొకటి కలదు. యోగయుక్తుడగు సన్న్యాసియు, రణమున అభిముఖుడై హతుడైనవాడును సూర్యమండలమును భేదింతురని పరాశరస్మృతి. అది స్వర్గమును మించిన గతి కాదా? పాఠశాలలో నేనును ఇట్లే అడిగితిని. "అభిముఖశబ్దమును విడువకుము" అని మాత్రము గురువుగారు సెలవిచ్చిరి. వెన్ను చూపకుండుటయే అచటి అర్హత, పశ్చాత్తాపము కాదు. పుణ్యము క్షీణింపగా స్వర్గస్థులు మరలి వత్తురని గీత నవమాధ్యాయము చెప్పుటయు మఱవరాదు.

రోలాండు చేతితొడుగునకు సాటి వెదకువారు కారెంపూడికి గాక శ్రీశైలమునకు పోవలెను. మా రాచర్లవారికి మార్కాపురము, దోర్నాలల మీదుగా అది తెలిసిన దారియే. అనవేమారెడ్డి 1377-78లో కట్టించిన వీరశిరోమండపమున వీరులు శిరస్సులను, నాలుకలను ఖండించుకొని అర్పించిరి. అచట స్వామియు దైవమును ఒక్కరే, మల్లికార్జునుడు. అయినను పాపక్షమ ప్రసక్తి అచటను లేదు.

తెలుగు బైబిలు "రక్షణ" యను మాటను స్థిరపఱచినది. దానికి మోక్షమని, వీరస్వర్గమని పర్యాయములు కూర్చుట ఇరువురకును అన్యాయము. మొన్న పరిశీలనార్థము నాకు వచ్చిన వ్యాసమొకదాని శీర్షికలోనే "వీరమోక్షము" అని యున్నది. కొట్టివేసి, "వీరస్వర్గము" అని దిద్ది పంపితిని. ఆ విద్యార్థి ఇంకను ఉత్తరము వ్రాయలేదు.