రంగం దారిలో కొత్త మేస్త్రీలు



పోయిన వారం మన గ్రూపులో ఒక ప్రకటన తిరిగింది. థాయిలాండులో డేటా ఎంట్రీ ఉద్యోగం, జీతం నెలకు లక్ష, టికెట్టు కంపెనీదే. కంపెనీ పేరు లేదు, విలాసం లేదు, ఒక ఫోను నెంబరు మాత్రం ఉంది. జాగ్రత్త అని మేము రాస్తే, "పిల్లల బ్రతుకుదెరువుకు మీరెందుకండీ అడ్డం" అని జవాబు వచ్చింది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాము. చదివాక కోప్పడండి.

థాయిలాండుకూ బర్మాకూ నడుమ మోయ్ అని ఒక చిన్న నది. ఇవతల మే సోట్ ఊరు, అవతల మ్యావడి. ఉద్యోగమని బ్యాంకాకులో దిగిన పిల్లవాణ్ణి కారులో మే సోట్‌కు తెచ్చి, రాత్రికి రాత్రి నది దాటిస్తారు. అవతల కే.కే. పార్క్ వంటి గోడల లోపల పాస్‌పోర్టు గుంజుకుంటారు. ఇక పని ఏమిటంటే ఫోనులో ప్రేమ నటించడం, పోలీసునని బెదిరించడం, లేని కంపెనీలో పెట్టుబడి పెట్టించడం. చెయ్యనంటే దెబ్బలు, కరెంటు షాకులు. ఒక్క బర్మాలోనే కనీసం 1,20,000 మందిని ఇలా పెట్టి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి 2023లో చెప్పింది.

ఆ ఫోను మోగేది ఎవరింట్లో? మన ఇళ్ళలోనే. 2024లో దేశంలో సైబర్ మోసాలకు పోయిన సొమ్ము 22,845 కోట్లని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. పింఛనుదార్ల పీ.ఎఫ్. డబ్బు అందులో ఎంతో ఉంది. కొడుకును అక్కడ కట్టేసి, తండ్రి వయసువాళ్ళను ఇక్కడ దోచడం.

బర్మా మనకు కొత్త కాదు. మన ముత్తాతలు దాన్ని రంగం అన్నారు. కోరంగి రేవు నుండి అంతమంది ఎక్కారు కాబట్టే అక్కడివాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలన్నారు. యానాం సభ్యులకు ఇది మేము చెప్పనక్కరలేదు. అప్పుడు కూలీలను కూడగట్టినవాడు మేస్త్రీ. ముందు అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, తర్వాత ఆ అప్పు తీరేదాకా జీతం వాడి గుప్పిట్లో. ఇప్పటి ఏజెంటు అదే మేస్త్రీ, చేతిలో స్మార్ట్ ఫోను వచ్చిందంతే. 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియాకు మనుషులను పంపే ముఠాను పట్టుకున్నప్పుడు, వలలో పడ్డవాళ్ళు చదువుకున్న కుర్రాళ్ళే. తమిళ పత్రికల్లోనూ ఈ వార్తలు వస్తూనే ఉన్నాయి. మేము అరవ బడిలో చదివినవాళ్ళం, రోజూ చూస్తున్నాము.

మరి ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదా? చేశాయి, ఆలస్యంగా. ఈ దొంగ కొలువుల మీద మన విదేశాంగ శాఖ హెచ్చరిక 2022 సెప్టెంబరులోనే వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా ఆ నది మీద రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. 2025 జనవరిలో ఒక చైనా నటుణ్ణి మ్యావడికి ఎత్తుకుపోయాక చైనా గట్టిగా పట్టుబట్టింది. ఫిబ్రవరి 5న థాయిలాండు అవతలికి కరెంటు, పెట్రోలు, ఇంటర్నెట్ ఆపింది. ఇన్నేళ్ళూ ఆ నేరస్తుల దీపాలు వెలిగింది పొరుగుదేశం కరెంటుతోనే! మార్చిలో మన వైమానిక దళం 549 మందిని తెచ్చింది. అక్టోబరులో కే.కే. పార్క్ మీద దాడి జరిగితే మళ్ళీ వందల మంది మనవాళ్ళు నది దాటి మే సోట్‌లో పడ్డారు, మళ్ళీ విమానాలు.

రైల్వేలో మాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఒక డివిజన్ కంట్రోలు బండిని పక్క డివిజన్‌కు అప్పగించేటప్పుడు, బండి సరిహద్దు స్టేషనుకు రాకముందే ఫోను వెళ్తుంది. పట్టాలు తప్పాక చేసే ఫోనును సహకారమనరు, దానికి వేరే బండి ఉంది, రిలీఫ్ ట్రైను. మన దేశానికీ ఆ దేశాలకూ మధ్య ఇప్పుడు నడుస్తున్నది ఎక్కువగా రిలీఫ్ ట్రైనే. చెన్నైలో, విశాఖలో పట్టుబడ్డ ఏజెంటు ఫోనులో ఉన్న నెంబర్లు వారం తిరగకుండా బ్యాంకాకు పోలీసుకు చేరాలి. మే సోట్‌లో విడిపించిన పిల్లవాడు చెప్పిన ఏజెంటు పేరు వాడి ఊరి ఠాణాకు చేరాలి. మేము అడిగేది ఇదే.

చట్టం సంగతి ఇంకా విడ్డూరం. విదేశీ కొలువుకు ముందు వలసల తనిఖీ పదో తరగతి పాసు కానివాళ్ళకు మాత్రమే. చదువుకున్నవాణ్ణి ఎవరూ మోసం చెయ్యలేరని 1983 చట్టం నాటి నమ్మకం! తనిఖీ ఉన్న 18 దేశాల పట్టికలో థాయిలాండు ఉంది గాని బర్మా, కంబోడియా, లావోస్ లేవు. డిగ్రీ చదివినవాడు టూరిస్టుగా దర్జాగా విమానమెక్కుతాడు, అడిగే నాథుడు లేడు.

"ఆశపడి పోయారు, అనుభవించనీ" అనే సభ్యులు మనలో ఉన్నారు. తెలిసే పోయినవాళ్ళు, పోయి ఇంకొకర్ని పిలిచినవాళ్ళు కొందరున్నారు నిజమే, వాళ్ళ మీద కేసు పెట్టండి. దెబ్బలు తిని వచ్చిన పిల్లవాణ్ణీ ఏజెంటునూ ఒకే గాటన కట్టవద్దు. అలా కడితే తిరిగివచ్చినవాడు నోరు విప్పడు, వాడు నోరు విప్పకపోతే ఏజెంటు దొరకడు.

వచ్చే సమావేశంలో మేము రెండు తీర్మానాలు పెడుతున్నాము. లైసెన్సు నెంబరు లేని విదేశీ కొలువు ప్రకటన మన గ్రూపులో ఉండకూడదు. ఆ నెంబరును ఈ-మైగ్రేట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు, డబ్బు పోతే 1930కి వెంటనే ఫోను చెయ్యాలి. రెండోది, చెన్నైలోని వలసల రక్షణాధికారికీ విదేశాంగ శాఖకూ ఆ 18 దేశాల పట్టిక గురించి అర్జీ. అర్జీ తెలుగులో, తమిళంలో మేము రాసి ఉంచాము. బరంపురం, యానాం, హోసూరు శాఖలవాళ్ళు సంతకాలు ఈ నెలాఖరులోగా పంపండి.