తోటలో ఎట్టి సున్నము వేయవలెను?

టమాటకాయ అడుగు నల్లబడి కుళ్లినంతనే కాల్షియము చాలలేదని తలచి, బాలురు బట్టీసున్నము తెచ్చి పాదులలో చల్లుచుందురు. ఇది నాకు సమ్మతము కాదు. కాల్చిన సున్నము నీరు తగిలినంతనే మిక్కిలి వేడిని పుట్టించును. చేతులను కాల్చును, కంటబడినచో చూపునకే ముప్పు. చల్లార్చినదియు కంటికి హానికరమే. తలిదండ్రులారా, పిల్లల చేతికి దానినీయకుడు.

నల్లరేగడి నేలలలో కాల్షియము సాధారణముగా సమృద్ధిగనే యుండును. ఈ కుళ్లునకు కారణము తరచుగా ఒకనాడు ముంచెత్తి, నాలుగునాళ్లు ఎండబెట్టుటయే! ముందు నీటిని సరిచేయుడు. నేల ఆమ్లగుణము గలదని పరీక్షలో తేలిననే సున్నపురాతి పొడి వేయవలెను. తక్కినచోట్ల జిప్సము మేలు. వేరుసెనగకు ఊడలు దిగువేళ మన రైతులు ఎకరమునకు 200 కిలోలు వేయుదురు. గ్రుడ్డుపెంకులు నిరపాయకరములే గాని మెల్లగా కరగును. పాత రంగుగోడల పెచ్చులలో సీసముండవచ్చును. వానిని కూరమడులయొద్దకు రానీయకుడు.