పుట్టినరోజుకి కర్ర కొనిచ్చాను

మా బీరువా పక్కన మేకుకి ఓ నల్ల సంచి వేలాడుతోంది. సన్నగా, రెండున్నర అడుగుల పొడుగు. మొన్న కిందింటి పిన్ని పెరుగు తోడుకని వచ్చి దాన్ని చూసి, "చిన్నోడు మురళి నేర్చుకుంటున్నడా ఏంది?" అని ముచ్చటపడింది. "కాదు పిన్నీ, పూల్ ఆడే కర్ర. వాడి పుట్టినరోజుకి నేనే కొనిచ్చిన" అన్నాను. ఆవిడ మొహం విరిగిన పాలలా అయిపోయింది. "గా మిద్దెల మీద సిగరెట్లు తాగుకుంట ఆవారా పోరగాళ్ళు ఆడేదా? కన్నతల్లివి, నువ్వే కొనిచ్చినవా?"

అవును, నేనే కొనిచ్చాను. మా చిన్నోడికి పందొమ్మిదేళ్ళు నిండిన రోజున, ఇంట్లో అందరి ముందూ. ఎందుకు కొన్నానో, ఎట్లా కొన్నానో ఇవాళ రాస్తాను. నాలాగే పిల్లాడి జేబులో నీలం సుద్ద దొరికి తల పట్టుకున్న తల్లులు ఈ పాతబస్తీలో ఇంకా చాలామందే ఉంటారు.

సుద్ద సంగతే ముందు చెప్తాను. జూన్‌లో ఓ సోమవారం జీన్స్ నానబెడుతుంటే బకెట్లో నీళ్ళు నీలంగా తిరిగాయి. రంగు దిగుతోందేమో అనుకున్నాను. జేబులో చెయ్యి పెడితే చిన్న చదరపు సుద్ద ముక్క, మధ్యలో గుంట. వేరే తల్లి అయితే అదేమిటో తెలియక ఇంకేదో మందేమో అని భయపడేది. నాకు మాత్రం చూడగానే తెలిసిపోయింది. 1999లో మా తమ్ముడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎప్పుడూ ఉండే నీలం అదే.

తమ్ముడికి అప్పుడు పద్దెనిమిది. నాకు పెళ్ళయి ఏడాది, పండక్కి పుట్టింటికి వచ్చి ఉన్నాను. వాడు ట్యూషన్‌కని వెళ్ళి స్నూకర్ ఆడుతున్నాడని ఎవరో బాపుకి చెప్పారు. బాపు అక్కడికే వెళ్ళి, పదిమందిలో కాలర్ పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. అది చాలలేదు. వాడు దుకాణంలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఎవరి దగ్గరో పాత కర్ర కొనుక్కున్నాడు, మంచం కింద దాచాడు. బాపు దాన్ని బయటకి లాగి మోకాలి మీద పెట్టి విరిచాడు. రెండు ముక్కలూ నీళ్ళు కాచే పొయ్యిలోకి వెళ్ళాయి. తెల్లారి అందరం ఆ నీళ్ళతోనే స్నానాలు చేశాం. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్క మాట అనలేదు. అనాలని కూడా అప్పుడు తోచలేదు, నిజం చెప్పాలంటే.

తమ్ముడు మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. బాపు అది తన గెలుపే అనుకున్నాడు, పోయేదాకా నలుగురికీ చెప్పుకున్నాడు. కానీ ఆ తర్వాత వాళ్ళిద్దరూ దుకాణం లెక్కలు తప్ప ఇంకో మాట మాట్లాడుకోగా నేను వినలేదు.

అందుకని సుద్ద ముక్క తీసి కిటికీలో ఎండబెట్టాను. సాయంత్రం వాడికే ఇచ్చి, "ఎక్కడ ఆడుతున్నవ్? నన్ను తీస్కపో" అన్నాను. వాడు కట్టు కథ ఏదో మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు.

మా ఇల్లు శాలిబండ గడియారం దగ్గర. వాడు ఆడే చోటు అక్కడికి పది నిమిషాల నడక, స్కూటర్ల సామాను దుకాణం మీద మిద్దె. నేను మెట్లెక్కుతుంటే పైన కుర్చీలు జరిగిన చప్పుడు, అగరబత్తి వెలిగించిన వాసన. సిగరెట్ వాసన పోవడానికేనని నాకు తెలియదనుకున్నారు పాపం. యజమాని ముసలాయన, "ఆయియే ఆంటీ, బైఠియే" అని ఫ్యాన్ కింద కుర్చీ వేశాడు. మూడు పెద్ద స్నూకర్ టేబుళ్ళు, మూలన ఒక పూల్ టేబుల్. పచ్చ గుడ్డ మీద లైటు, చుట్టూ చీకటి. పిల్లలు నేననుకున్నంత గోల చేయరు. ఒకడు కొడుతుంటే తక్కిన వాళ్ళు కదలరు. మా ఇంట్లో పూజప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

మంచిదే అని సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలనే ఆనవాయితీ ఉంది. కొత్తగా నేర్చుకునేవాడు రోజూ ఓడతాడు కాబట్టి రోజూ వాడే కట్టాలి, అక్కడి నుంచి పందేలకి ఎంతో దూరం లేదు. రాత్రి పొద్దుపోవడం ఒకటి. 2015లో దక్షిణ మండలం పోలీసులు 'ఆపరేషన్ చబుత్రా' అని పెట్టి, అర్ధరాత్రి అరుగుల మీద కూచున్న కుర్రాళ్ళని పట్టుకెళ్ళి తల్లిదండ్రుల్ని పిలిపించిన రోజులు మా గల్లీలో ఎవరూ మరిచిపోలేదు. భయం ఉత్తదేం కాదు. కానీ ఈ భయాలన్నీ గంటకీ జేబుకీ సంబంధించినవి. ఆటకి సంబంధించినవి కావు. గంటకీ జేబుకీ లెక్క పెట్టొచ్చు, ఇంట్లో తెలిస్తేనే. మంచం కింద దాచిన దానికి లెక్క ఎవరు అడుగుతారు?

ఇంకో సంగతి. మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట వెళ్తే ఫలక్‌నుమా కొండ. పైగా వంశీకుడు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించుకున్న మహల్ అది. 1897లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా తీసుకున్నాడు. 2010 నుంచి తాజ్ వాళ్ళ హోటల్. అందులో బిలియర్డ్స్ గది ఉంది, ఇంగ్లండ్ బరోస్ అండ్ వాట్స్ కంపెనీ టేబుల్ ఉంది. దానికి జోడు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఉందని చెబుతారు. చూసొచ్చిన వాళ్ళు ఆ టేబుల్ పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అదే ఆట స్కూటర్ల దుకాణం మీద ఆడితే ఆవారాతనం ఎట్లా అయింది? బెంగళూరు అబ్బాయి పంకజ్ అద్వానీకి ఈ ఆటకే 2018లో పద్మభూషణ్ ఇచ్చారని చెప్తే మా ఆయన నమ్మలేదు. ఫోన్లో వెతికి చూసుకుని, "అందరూ అద్వానీలు అయితరా?" అన్నాడు. కారని నాకూ తెలుసు. క్రికెట్ బ్యాట్ కొనిచ్చిన రోజు ఆ ప్రశ్న అడగలేదేం మరి?

ఇక కర్ర ఎందుకూ అంటారా. అక్కడ గోడకి ఓ పదిహేను కర్రలు ఉంటాయి, ఎవరైనా తీసుకుని ఆడొచ్చు. మావాడు ఒక్కొక్కటీ తీసి టేబుల్ మీద దొర్లించి, ఐదారు పక్కన పెట్టి, ఒకటి పట్టుకున్నాడు. "ఇది జర సీదా ఉంది" అన్నాడు. మర్నాడు అదే దొరుకుతుందని లేదు. రోజుకో బరువు, రోజుకో వంకర, కొన దగ్గర తోలు అరిగి పుట్టగొడుగులా పరుచుకుని ఉంటుంది. పక్కింటి పెనం మీద దోసె పోస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా. దోసె మాడితే తప్పు పిండిదా, పెనానిదా, చేతిదా అని తేలదు. నేర్చుకునేవాడికి ఖరీదైన కర్ర అవసరం లేదు, రోజూ ఒకటే కర్ర కావాలి. అప్పుడు తప్పు ఎవరిదో తెలుస్తుంది.

ఫోన్లో చూస్తే 600 రూపాయల నుంచి ఉన్నాయి. ఆర్డర్ పెట్టేదాన్నే, బొమ్మని దొర్లించి చూడలేం కదా అని ఆగాను. తమ్ముడికి ఫోన్ చేశాను. "చిన్నోడికి పూల్ కర్ర కొనాలె, కోఠీకి వస్తవా?" అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "పూలా స్నూకరా, ముందు అది అడుగు అక్కా" అన్నాడు.

ఆ ప్రశ్న లేకుండా నేను తప్పు సరుకు తెచ్చేదాన్ని. రెండూ ఒకటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. స్నూకర్ టేబుల్ 12 అడుగులు, బంతి 52.5 మిల్లీమీటర్లు, కర్ర కొన సన్నం, 9 నుంచి 10 మిల్లీమీటర్లు. పూల్ టేబుల్ చిన్నది, బంతి పెద్దది, 57 మిల్లీమీటర్లు. కర్ర కొన కూడా లావు, 12, 13 మిల్లీమీటర్లు. లావు కొనతో స్నూకర్ ఆడితే గరిటెతో దారం ఎక్కించినట్టే. కాబట్టి పిల్లాడిని ఆశ్చర్యపరచాలని దొంగచాటుగా కొనకండి. అడిగి కొనండి. మావాడు పూల్‌తోనే మొదలుపెట్టాడు, సందులు పెద్దవి, గంటకి డబ్బులు తక్కువ.

కోఠీలో ఆటసామాన్ల దుకాణంలో అతను ముందుగా తీసింది 7,500 రూపాయలది. పిడి మీద మంటల బొమ్మలు, మెరుపులు. తమ్ముడు దాన్ని ముట్టుకోలేదు. "బొమ్మలకే పైసలు" అన్నాడు. రెండు వేల లోపువి తీయమన్నాడు. ఒక్కోదాన్నీ బిగించి, అద్దాల కౌంటర్ మీద పెట్టి అరచేత్తో దొర్లించాడు. కొన పైకీ కిందికీ ఎగిరితే వంకర ఉన్నట్టు. మళ్ళీ రెండు ముక్కలూ విప్పి విడివిడిగా దొర్లించాడు. అప్పడాల కర్రని నేను ఎప్పుడూ ఇట్లాగే చూసి కొంటాను, ఎవరూ నేర్పలేదు. తర్వాత తుపాకీ గురిపెట్టినట్టు ఒక కన్ను మూసి పొడుగునా చూశాడు. అతుకు దగ్గర గోటితో రాశాడు, మెట్టు తగలకూడదట. బిగించాక ఊపితే లోపల చప్పుడు రాకూడదట. కొన మీది తోలు జిగురుతో అంటించినదై ఉండాలి. బాగా చవకరకాల్లో మరతో బిగించే కొన ఉంటుంది, అది వదులైపోతూ ఉంటుంది. జిగురుదైతే అరిగినప్పుడు ఆ చిన్న తోలు బిళ్ళ ఒక్కటీ మార్పిస్తే సరిపోతుంది.

వరసగా మూడు తీసేశాడు, నాలుగోది ఆపాడు. లేతరంగు మేపుల్ చెక్క, నల్ల పిడి, బొమ్మలేమీ లేవు. 58 అంగుళాలు. పిడి మీద 19 అని ఉంది, ఔన్సులన్నమాట. 18 నుంచి 21 దాకా వస్తాయి, కొత్తవాడికి మధ్యది మేలన్నాడు. ఇంటికొచ్చాక నా వంటింటి కాటా మీద పెడితే 540 గ్రాములు చూపించింది, అబద్ధం లేదు. 1,800 పడింది. సంచి విడిగా 350, సుద్ద పెట్టె తమ్ముడు కొన్నాడు. నేను డబ్బులిస్తుంటే వాడు ఆ కర్రని విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి చూస్తున్నాడు. "ఇవి రెండు ముక్కలుగనే వస్తయి అక్కా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకే పర్సు జిప్పు చాలాసేపు పట్టలేదు.

మా ఆయన మూడు రోజులు ముభావంగా ఉన్నాడు. "నువ్వే దారి చూపెడుతున్నవ్" అన్నాడు. దారి వాడే వెతుక్కున్నాడు, నేను లైటు వేశానంతే అన్నాను. ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉండాలి, టేబుల్ డబ్బులు వాడి జేబుఖర్చు లోంచే, పందెం అన్న మాట వినపడితే కర్ర నా బీరువాలోకి వెళ్తుంది. ఇవి మా ఒప్పందాలు. మొదటి వారమే ఒకరోజు తొమ్మిదీ పది అయింది. మర్నాడు కర్ర బీరువాలోనే ఉంది. గొణిగాడు గానీ ఎదురు చెప్పలేదు. అంతా సవ్యంగా జరిగిపోతుందని నేనేం అనుకోవడం లేదు. రేపు వాడు డిగ్రీలో సబ్జెక్టు తప్పితే అందరి వేళ్ళూ ఆ నల్ల సంచి వైపే చూపిస్తాయి, అదీ తెలుసు.

స్నూకర్ అనే మాటకి అర్థం వెతికితే ఒకటి దొరికింది. ఆట పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో, నెవిల్ చాంబర్లిన్ అనే కుర్ర సైనికాధికారి మొదలుపెట్టాడని చెబుతారు. అప్పట్లో ఇంగ్లండ్ సైనిక అకాడమీలో మొదటి ఏడాది పిల్లల్ని 'స్నూకర్లు' అని వెక్కిరించేవారట. ఎవరో సులువైన బంతి తప్పితే ఆయన అదే మాట అన్నాడు, ఆటకే ఆ పేరు అంటుకుంది. అంటే కొత్తగా నేర్చుకునేవాడనే. ఈ కథ చెప్తే మావాడు, "అయితే నేను పక్కా స్నూకర్‌నే, నిన్న ఏడు తప్పిన" అన్నాడు.

పుట్టినరోజు రాత్రి సేమ్యా పాయసం తిని అందరూ వెళ్ళాక, పదకొండింటికి తమ్ముడి ఫోన్. ఏమైందోనని హడలిపోయాను.

"కర్ర ఏడ పెట్టిండు?"

చూశాను. బిగించింది బిగించినట్టే గోడకి ఆనించి పడుకున్నాడు.

"గోడకి వద్దక్కా, వంగిపోతది. పైగా వానాకాలం, చెమ్మకి చెక్క ఆగదు. విప్పి సంచిల పెట్టు. పొడిగుడ్డతోని తుడిచి పెట్టు."

విప్పడం ఎటువైపో నాకు తెలియలేదు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వాడు చెబుతుంటే ఎడమవైపు తిప్పాను.