కాలు మొరాయిస్తే..?

జనవరి ఒకటిన కొత్త బూట్లు. సంక్రాంతికల్లా రోజుకి రెండు కిలోమీటర్లు. శివరాత్రికి ఐదు. ఉగాది వచ్చేసరికి... బూట్లు మంచం కింద, మనిషి సోఫాలో! 'అదేంటండీ, బాగానే పరిగెత్తేవారుగా' అని అడిగితే, 'మోకాలు పట్టేసింది... మన ఒంటికి పరుగు పడదులెండి' అన్న జవాబు. కేబీఆర్ పార్కు దగ్గరైనా, విశాఖ బీచ్ రోడ్డులోనైనా, ఊళ్లో జూనియర్ కాలేజీ మైదానంలోనైనా తరచూ వినిపించే కథే ఇది.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా ఉండేవాళ్లూ ఉన్నారు. మడమ పోటెడుతున్నా, పిక్క పీకేస్తున్నా 'పరిగెడితే అదే సర్దుకుంటుంది' అంటారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చేశాం కదా అని నొప్పిబిళ్ల వేసుకుని మరీ ఫ్లైఓవర్లు ఎక్కుతారు. వాళ్లూ చివరికి చేరేది ఆ సోఫాలోకే. కాకపోతే కాస్త ఆలస్యంగా, చేతిలో డాక్టరు చీటీతో!

నొప్పికి రెండే మాటలు వచ్చని ఈ ఇద్దరి నమ్మకం... 'ఆపెయ్', లేదంటే 'పట్టించుకోకు'. సరదాగా పరిగెత్తేవాళ్లకి వచ్చే చిన్నాచితకా నొప్పులు ఎక్కువగా చెప్పేది మూడో మాట... 'కాస్త తగ్గించు' అని. అది వినబడక పరుగు మానేస్తే పోయేది పతకమేమీ కాదు. అదుపులోకొచ్చిన షుగరు, రాత్రిపూట పట్టే నిద్ర, పొద్దున్నే పలకరించే నలుగురు స్నేహితులు. పతకం కన్నా ఇవే ఖరీదైనవి.

ఏది మామూలు... ఏది కాదు?

పరిగెత్తిన మర్నాడో ఆ మర్నాడో తొడలూ పిక్కలూ బిగుసుకుపోయి, మెట్లు దిగాలంటే దేవుడు కనిపిస్తున్నాడా? కంగారొద్దు. అలవాటు లేని శ్రమకి కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతిని, మళ్లీ గట్టిపడే క్రమంలో వచ్చే నొప్పి అది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా బాధపెట్టి, తర్వాత దానంతటదే పోతుంది. 'లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది' అంటుంటారు చాలామంది. అది తప్పు. పరుగు ఆపిన గంటా రెండు గంటల్లోనే దాని మోతాదు మామూలు స్థాయికి వచ్చేస్తుంది.

ఈ నొప్పి రెండు కాళ్లకీ వస్తుంది, కండరమంతా పరుచుకుని ఉంటుంది. అలా కాకుండా ఒక్క కాలికే, ఒక్కచోటే, పరిగెత్తిన ప్రతిసారీ వస్తోందంటే చెవి ఒగ్గాల్సిందే.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు గుచ్చినట్టుందా? అరికాలి కింద పరుచుకుని ఉండే పట్టీ లాంటి కణజాలం ఒత్తిడికి గురైందనడానికి అది గుర్తు. మెట్లు దిగేటప్పుడూ, సినిమాహాల్లో చాలాసేపు కూర్చున్నప్పుడూ మోకాలిచిప్ప చుట్టూ సలుపుతోందా? వైద్య పుస్తకాల్లో దీనికి 'సినిమా ప్రేక్షకుల లక్షణం' అన్న పేరే ఉంది. చిప్ప మీద పడే భారం ఎక్కువైందని అర్థం. దీనికి మోకాలి పట్టీ కన్నా తొడలకూ తుంటికీ బలాన్నిచ్చే వ్యాయామాలే ఎక్కువ మేలు చేస్తాయి. పెద్ద పెద్ద అంగలు మానేసి చిన్న అడుగులు త్వరత్వరగా వేసినా మోకాలికి భారం తగ్గుతుంది.

ఇలాంటి నొప్పుల విషయంలో ఫిజియోథెరపిస్టులు వాడే లెక్క ఒకటుంది. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. రెండు లోపు ఉంటే నిశ్చింతగా పరిగెత్తొచ్చు. ఐదు దాకా వచ్చినా, మర్నాటి పొద్దుటికి తగ్గిపోతే ఫరవాలేదు. ఐదు దాటినా, మర్నాడు ఇంకాస్త ఎక్కువైనా దూరం తగ్గించాల్సిందే. కుంటుతూ మాత్రం ఎప్పుడూ పరిగెత్తకూడదు.

ఎముక నొప్పికి ఈ లెక్క పనికిరాదు. మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కుతూ వెళ్లండి. జానెడు మేర సలుపుతుంటే 'షిన్ స్ప్లింట్స్' కావచ్చు. పరుగు తగ్గిస్తే తగ్గుతుంది. అలాకాక రూపాయి బిళ్లంత చోట నొక్కగానే ప్రాణం పోయినంత పనైతే, పడుకున్నా నొప్పి ఆగకపోతే ఎముకలో సన్నని చీలిక వచ్చిందేమోనని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఇది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ మైదానానికి వెళ్లొద్దు. ఎమ్మారై అవసరమో లేదో డాక్టరునే తేల్చనివ్వండి.

'అరిగిపోతాయి' నిజమేనా?

మోకాలు నొప్పి అనగానే ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట... 'చెబితే విన్నావా, గుజ్జు అరిగిపోతుందని!' 2017లో పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూశారు. సరదాగా పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్లు అరిగినవాళ్లు నూటికి మూడున్నర మంది. ఏ పరుగూ లేకుండా కూర్చునేవాళ్లలో పదిమంది! పోటీల కోసం తీవ్రంగా సాధన చేసేవాళ్లలో పదమూడు మంది. పరుగే కీళ్లని కాపాడిందని దీన్నిబట్టి అనేయలేం కానీ, మితంగా పరిగెడితే మోకాళ్లు పోతాయన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

ఆదివారం సరదా

మరి నొప్పులెందుకు వస్తున్నట్టు? వారానికి పది శాతం మించి దూరం పెంచొద్దన్నది ఎన్నాళ్లుగానో అందరూ చెప్పే సూత్రం. 2008లో నెదర్లాండ్స్‌లో ఐదొందల మందికి పైగా కొత్త రన్నర్లని రెండు జట్లు చేసి దీన్ని పరీక్షించారు. సూత్రం పాటించినవాళ్లకీ పాటించనివాళ్లకీ దెబ్బలు దాదాపు సమానంగానే తగిలాయి. 2025లో అచ్చయిన మరో అధ్యయనం ఐదువేల మందికి పైగా రన్నర్ల పరుగుల్ని ఏడాదిన్నర పాటు గమనించింది. వారం మొత్తం దూరంలో కన్నా, ఒక్కరోజు పరుగులోనే అసలు కిటుకు బయటపడింది. గడిచిన నెలరోజుల్లో పరిగెత్తిన అత్యధిక దూరం కన్నా ఏ ఒక్కరోజైనా పది శాతం మించి పరిగెత్తినవాళ్లకి దెబ్బలు తగిలే అవకాశం పెరిగింది. రెట్టింపు దాటితే మరీనూ!

మనవాళ్ల ఆదివారం పరుగు సరిగ్గా ఇదే కదా. వారమంతా మూడేసి కిలోమీటర్లు, ఆదివారం నలుగురూ కలిశారని ఎనిమిది! గుండె ఊ అంటుంది. ఊపిరితిత్తులూ సరేనంటాయి. కండర బంధనాలకీ ఎముకలకీ మాత్రం అంత త్వరగా బలం రాదు. ఆర్నెల్ల పెట్టుబడి ఆవిరైపోయేది ఆ పూటే.

ఐసు నుంచి వ్యాయామానికి

దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం... ఈ నాలుగు సూత్రాల్నీ 'రైస్' అన్న పొట్టి పేరుతో 1978లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్. ముప్ఫయ్యేళ్లు దాటాక, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని చెప్పిందీ ఆయనే! 2019లో కెనడా ఫిజియోథెరపిస్టులు ఇద్దరు 'పీస్ అండ్ లవ్' పేరుతో కొత్త సూత్రాలు ప్రతిపాదించారు. మొదటి ఒకట్రెండు రోజులు కాలికి భారం తగ్గించి, ఆపై నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మెల్లగా పని చెప్పమన్నది వాటి సారాంశం.

స్వీడన్ ఎముకల వైద్యుడు హకాన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ కథ దీనికి చక్కని ఉదాహరణ. ఆయనా రన్నరే. మడమ వెనక ఉండే కండర బంధనం నొప్పితో వేగలేక ఆపరేషన్ చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదట. నొప్పి ముదిరితే ఎలాగూ చేస్తారుగా అని కావాలనే దానికి కష్టమైన వ్యాయామం మొదలెట్టారు. ముదరకపోగా తగ్గిపోయింది! అదే వ్యాయామాన్ని పదిహేను మంది రన్నర్ల చేత పన్నెండు వారాలు చేయించి 1998లో ఫలితాలు ప్రకటించారు. పదిహేను మందీ మళ్లీ పరుగందుకున్నారు.

చేయడం తేలికే. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడ పట్టుకుని, నొప్పి ఉన్న కాలి మడమని మెల్లగా మెట్టు కన్నా కిందికి దించాలి. పైకి లేవడానికి రెండోకాలి సాయం తీసుకోవాలి. ఆయన చేయించింది రోజుకి నూట ఎనభై సార్లు. మొదలెట్టేవాళ్లు అందులో నాలుగోవంతుతో సరిపెట్టుకున్నా తప్పులేదు. ఫలితం కనిపించేది మాత్రం వారాల తర్వాతే. ఓపికే మందు.

మందుల షాపుకెళ్లే ముందు...

బామ్ రాసుకోండి, హాయిగా ఉంటుంది. అది గాయాన్ని మాత్రం మాన్పదు. నొప్పిబిళ్ల వేసుకుని పరిగెత్తడం ఇల్లు తగలబడుతుంటే అలారం వైరు కోసేయడమే! పైగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలకి హాని చేయొచ్చు.

చీలమండ బెణికితే పట్టుకుని లాగడాలూ గట్టిగా మర్దన చేయడాలూ వద్దు. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకి అటూ ఇటూ ఉండే ఎముకల వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. బొబ్బ చిన్నదైతే చిదమకుండా ప్లాస్టర్ వేసి వదిలేయండి. షుగరున్నవాళ్లు మాత్రం పాదానికి తగిలిన ఏ గాయాన్నీ చిన్నదనుకోకూడదు.

కీలు వాచినా, మోకాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, పిక్క ఒకవైపే వాచి వేడిగా ఉన్నా సొంతవైద్యం వద్దు. పరిగెడుతుంటే ఛాతీలో నొప్పి వస్తే అక్కడికక్కడే ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మళ్లీ మైదానానికి

అరగంట చురుగ్గా నడిచినా నొప్పి రాలేదంటే పరుగు మొదలెట్టొచ్చు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక... ఇలా ఏడెనిమిది సార్లు. మధ్యలో ఒకరోజు సెలవు. మర్నాడు పొద్దున కాలు ఏమంటుందో చూసుకుని పరుగు పెంచాలి, నడక తగ్గించాలి. ముందున్నవాళ్లు దాటిపోతున్నారని ఉడుక్కోకండి. వచ్చే ఉగాదికి మైదానంలో కనిపించేవాళ్లే అసలు విజేతలు!