ఎవరి మెట్టు వారిది

మసీదు ప్రక్కన రెండు గదులు, ముప్పై నలభై మంది పిల్లలు, ఒకరో ఇద్దరో ఉస్తాదులు. మన పల్లెలలోను, పట్టణపు పేటలలోను ఇటువంటి చిన్న పాఠశాలలు ఎన్నో ఉన్నవి. ఒకే చాపపై ఖాయిదా దిద్దే పసిబిడ్డ, నాజిరా ముగించిన పన్నెండేళ్ళ బాలిక కూర్చుంటారు. అందరికీ ఒకే పాఠం చెప్పుట సాధ్యము కాదు. పది తరగతులుగా విడదీయుటకు ఉపాధ్యాయులు లేరు. మరి ఈ పాఠశాలకు తగిన పాఠ్యక్రమం ఏది?

జవాబు మన చరిత్రలోనే ఉన్నది. 1748లో పరమపదించిన ముల్లా నిజాముద్దీన్, లక్నోలోని ఫిరంగీ మహల్‌లో రూపొందించిన పాఠ్యక్రమమే దర్సె నిజామీ. అది తరగతుల పట్టిక కాదు, గ్రంథాల వరుస. ఒక గ్రంథం పట్టుబడిన విద్యార్థి తరువాతి గ్రంథానికి సాగేవాడు. చురుకైనవాడు త్వరగా, నిదానస్తుడు ఆలస్యంగా గమ్యం చేరేవారు. తరగతులు, నిర్ణీత కాలం, వార్షిక పరీక్షలు గల పద్ధతి 1866లో దేవబంద్ మదర్సా స్థాపనతో మన విద్యలో బలపడినది. ఎక్కువమంది విద్యార్థులు గల సంస్థకు అది తగినదే. ఇద్దరు ఉస్తాదులు గల బడి దానిని అనుకరించబోతే రెంటికీ చెడిన రేవడి అగును.

ఎవరి వేగాన వారు చదువుటకు నేటి కాలపు నమూనా కూడా మన దగ్గరనే కలదు. మదనపల్లె సమీపాన రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, ఒకే ఉపాధ్యాయుడు గల పల్లె బడుల కొరకు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విభజించి, నిచ్చెన మెట్ల వలె అమర్చినది. బిడ్డ తానున్న మెట్టు తానే గుర్తించి ముందుకు సాగును. కొంతకాలం బడికి రాలేకపోయినను, తిరిగి వచ్చి ఆగిన మెట్టు నుండే మొదలుపెట్టును. తల్లి కాన్పుకో, పత్తి ఏరుటకో ఇంట నిలిచిపోయే మన ఆడబిడ్డలకు ఇంతకంటె మేలైన ఏర్పాటు లేదు.

కాబట్టి మా సూచన ఇది. అరబీకి ఒక నిచ్చెన, ఉర్దూకు ఒకటి, తెలుగుకు ఒకటి, గణితానికి ఒకటి వ్రాసి గోడకు తగిలించవలెను. తెలుగును పరాయి భాషగా చూడరాదు; పిఠాపురపు ఉమర్ ఆలీషా కవి తెలుగు పద్యానికి ఎంత వన్నె తెచ్చెనో మన పిల్లలు ఎరుగవలెను. ప్రతి మెట్టు వద్ద మూడు పరీక్షలుండవలెను: తప్పు లేకుండ చదువుట, అర్థము చెప్పుట, సొంత మాటలలో వ్రాయుట. కంఠస్థం ఒక్కటే చాలదు. పై మెట్టు వారు క్రింది వారి పాఠం వినవలెను. ఏ బిడ్డ ఏ తేదీన ఏ మెట్టు దాటెనో ఒక రిజిస్టరులో నమోదు చేయవలెను. లెక్క లేని స్వేచ్ఛ నిర్లక్ష్యంగా మారును.

ప్రభుత్వ కార్యాలయంలో బల్ల వెనుక ఏళ్ళు గడిపిన మేము ఒక దృశ్యం పలుమార్లు చూచితిమి. ఖుర్ఆన్ మొత్తం కంఠస్థమైన యువకుడు దరఖాస్తు నింపుతూ ‘విద్యార్హత’ అన్న గడి వద్ద కలం ఆపును. అతని చదువు తక్కువ కాదు, దానికి కాగితం లేదు. 14 ఏళ్ళు నిండినవారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. అన్ని సబ్జెక్టులు ఒకేసారి వ్రాయవలసిన పని లేదు. మన నిచ్చెనల చివరి మెట్టు ఆ పరీక్షయే కావలెను.

రాజ్యాంగంలోని 30వ అధికరణ మన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కు మనకిచ్చినది. 2012 సవరణ మదర్సాలను విద్యాహక్కు చట్టం నుండి మినహాయించినది. ఆ మినహాయింపు చట్టం నుండియే గాని, బిడ్డ పట్ల బాధ్యత నుండి కాదు. ఇతరులు వచ్చి మన బడులను ప్రశ్నించక మునుపే, మనమే వాటిని ప్రశ్నించుకొనుట హక్కును కాపాడుకొనే మార్గం.

మసీదు కమిటీలకు మా మనవి ఒక్కటే. రానున్న షవ్వాల్‌లో కొత్త చదువు మొదలగును. ఆ లోపున ఉస్తాదులు, తల్లిదండ్రులు ఒక సాయంత్రం కలిసి కూర్చుని మొదటి నిచ్చెన వ్రాయండి. రెండు గదులే చాలును, ఇన్షా అల్లాహ్.