ఓడిపోయే పందేలు ఇవ్వండి

బల్లార్‌పూర్ పక్కన విసాపూర్ క్రీడా సముదాయంలో 400 మీటర్ల సింథటిక్ ట్రాక్ ఉంది. 2023 డిసెంబరు ఆఖర్లో దేశం నలుమూలల నుంచీ వచ్చిన బడి పిల్లలు దానిమీద జాతీయ స్థాయిలో తలపడ్డారు. చంద్రపూర్ జిల్లాకు అది గర్వకారణమే, కాదనను. కానీ ఆ ట్రాక్‌కు కూతవేటు దూరంలో పుట్టి పెరిగి 800 మీటర్లు పరిగెత్తే పదహారేళ్ళ అమ్మాయికి ఏడాదికి ఎన్ని పందేలు దక్కుతున్నాయి? తాలూకా, జిల్లా, నాగపూర్ విభాగం, రాష్ట్రం. తాలూకాలో నెగ్గితేనే జిల్లా, జిల్లాలో నెగ్గితేనే విభాగం. ఎక్కడ వెనకబడినా ఆ ఏడాదికి అంతే సంగతులు. వానలు తగ్గాక మొదలయ్యే సీజను చాలామందికి దీపావళి రాకముందే ముగిసిపోతుంది. మిగిలిన నెలలన్నీ ఒంటరి ప్రాక్టీసు, గురువుగారి ఈల, ఒక స్టాప్‌వాచీ.

ఇది అన్యాయం. మధ్యదూరపు పరుగు వంటబట్టేది పందెంలోనే అని తెలిసీ, పందెం అన్నదే అందకుండా పిల్లల్ని పెంచుతున్నాం. పాఠం చెప్పకుండా ఏడాదికొక్కసారి పరీక్ష మాత్రం పెట్టే బడికి మన పిల్లల్ని పంపుతామా? మైదానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం సరిగ్గా అదే పని చేస్తున్నాం, పైగా ఫెయిలైన పిల్లనే తిడుతున్నాం.

చలి దేశాల కుర్రాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. డిసెంబరు నుంచి మార్చి దాకా బయట మంచు. అందుకని పెద్ద పెద్ద హాళ్ళలో 200 మీటర్ల ట్రాకులు వేసుకున్నారు. వంపుల దగ్గర ట్రాక్ లోపలికి వాలి ఉంటుంది. 800 అంటే నాలుగు చుట్లు, 1500 అంటే ఏడున్నర. కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకుని పరుగునే వృత్తి చేసుకున్న ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు ఆ చలికాలపు పందేలను ప్రాక్టీసులో భాగంగా వాడుకుంటారు. 1500 పరిగెత్తేవాడు జనవరిలో 3000 పరిగెత్తి దమ్ము చూసుకుంటాడు. 800 వాడు 600కో, 1000కో దిగుతాడు. ఒకే సాయంత్రం రెండు పందేలు పరిగెత్తేవాళ్ళున్నారు. పందెం అయ్యాక అదే మైదానంలో ఇంకో నాలుగైదు రౌండ్లు గట్టిగా కొట్టి ఇంటికి పోయేవాళ్ళున్నారు. ఒకరోజు మొదటి అడుగు నుంచీ ముందుండి లాగుతాడు, ఇంకోరోజు కావాలనే ఆఖర్న ఉండి చివరి చుట్టులో ఎంతమందిని దాటగలడో పరీక్షించుకుంటాడు. టైమింగ్ బాగా వస్తే సంతోషం, రాకపోతే ఏం తప్పు జరిగిందో రాసుకుంటాడు. ఎందుకంటే అతను సిద్ధమవుతున్న పందెం ఆగస్టులో ఉంది.

ప్రాక్టీసు ఎంత చేసినా ఈ నేర్పు రాదు. 800 మీటర్లలో ఒంటికి కావలసిన శక్తిలో సుమారు మూడింట రెండొంతులు ఆక్సిజన్ నుంచే వస్తుంది, 1500లో అంతకంటే ఎక్కువ. ఆ దమ్మును నెలల తరబడి రోడ్డు మీద కూడబెట్టుకోవచ్చు. కానీ పక్కవాడి మోచెయ్యి డొక్కలో తగులుతుండగా, ముందు ముగ్గురు గోడలా అడ్డం నిలిస్తే, ఎవడో 500 మీటర్ల దగ్గరే హఠాత్తుగా వేగం పెంచితే ఏం చెయ్యాలన్నది రోడ్డు నేర్పదు. కాళ్ళు బరువెక్కి ఊపిరి మండుతున్నప్పుడు అర సెకనులో తీసుకోవలసిన నిర్ణయం అది. అది అలవాటు కావాలంటే తప్పులు చెయ్యాలి, ఆ తప్పులకు శిక్ష ఉండకూడదు.

2024 మార్చిలో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ ఇండోర్ పోటీల పురుషుల 1500 ఫైనల్ తలుచుకోండి. గెలిచినవాడు న్యూజిలాండ్‌కు చెందిన జార్డీ బీమిష్, అమెరికన్ కోల్ హాకర్ రెండో స్థానం, ఇంకో అమెరికన్ హాబ్స్ కెస్లర్ మూడో స్థానం. ప్రపంచ పోటీ కాబట్టి ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. కానీ ఆ ముగ్గురిలో ఎవరి ఏడాదీ ఆ ఒక్క పందెం మీద వేలాడలేదు. ఓడిన హాకర్ అదే ఆగస్టులో పారిస్‌లో, ఫేవరెట్లైన జాకబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్‌నూ జాష్ కెర్‌నూ వెనక్కి నెట్టి 3:27.65తో ఒలింపిక్ రికార్డు నెలకొల్పి బంగారు పతకం అందుకున్నాడు. కెస్లర్ అదే ఫైనల్లో 3:29.45తో ఐదోవాడు. ఆ కెస్లర్ 2021లో, స్కూలు చదువు ముగిసీ ముగియగానే అడిడాస్‌తో ఒప్పందం చేసుకున్న పిల్లాడు. అక్కడి నుంచి ఒలింపిక్ ఫైనల్ దాకా రావడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో ఓడినప్పుడల్లా నీ పని అయిపోయింది, ఇంటికి పో అని అతన్ని ఎవరూ అనలేదు.

ఇక బీమిష్. అతని అసలు ఈవెంటు 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్. మన మహారాష్ట్రకే చెందిన అవినాశ్ సాబ్లే ఈవెంటు. అడ్డంకులు, నీటి గుంట దాటే మనిషి అడ్డంకుల్లేని 1500కి, అదీ ఇరుకు ట్రాక్ మీద ఎందుకు దిగాడు? వెనక నుంచి వచ్చి ఆఖరి మీటర్లలో దాటడం అతని బలం, ఆ బలానికి పదును పెట్టుకునే చోటు అది. 2025 సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీల స్టీపుల్‌చేజ్ ఫైనల్లో ఆఖరి అడుగుల్లో, అప్పటిదాకా ఛాంపియన్‌గా ఉన్న సుఫియాన్ ఎల్ బక్కాలీని దాటి బంగారం పట్టుకుపోయాడు. గ్లాస్గోలో చేసిందే టోక్యోలోనూ చేశాడని నాకు అనిపిస్తుంది.

మనవాడు ఒకడున్నాడు, గుల్వీర్ సింగ్. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, సైన్యంలో ఉద్యోగం. 2025 ఫిబ్రవరిలో బోస్టన్ విశ్వవిద్యాలయం ఇండోర్ ట్రాక్ మీద 3000 మీటర్లు 7:38.26లో, 5000 మీటర్లు 12:59.77లో పూర్తిచేశాడు. 5000ను పదమూడు నిమిషాలలోపు పరిగెత్తిన మొదటి భారతీయుడు అతనే. ఆ నెలలో అతనికి ఏ ఛాంపియన్‌షిప్పూ లేదు, మెడలో వేయడానికి ఎవరూ పతకం పట్టుకుని నిలబడలేదు. వేగంగా పరిగెత్తే నలుగురి మధ్య నిలబడి పరిగెత్తాడు, ప్రపంచ పోటీలకు అర్హత దొరికింది. మే నెలాఖరులో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 5000, 10000 రెండింటా బంగారమే.

ఇక్కడే నా కడుపు మండేది. ఆ గుల్వీర్‌కు అయినా, బీడ్ జిల్లా మాండ్వాలో పుట్టిన సాబ్లేకు అయినా పెద్ద పందేలు చేతికందినది సైన్యంలో చేరాకే. అంతకుముందు సాబ్లే కాళ్ళు ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి, బడికి పరిగెత్తుతూ. యూనిఫాం తొడిగితే తప్ప ఈ దేశంలో పల్లెటూరి కుర్రాడికి పందెం దొరకదన్నమాట. చంద్రపూర్ పిల్లల్లో గుండె ధైర్యం లేదని ఎవరైనా అంటే 2018 మే నెలను గుర్తుచేస్తాను. ఈ జిల్లా ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ విద్యార్థులు ఐదుగురు ఆ నెలలో ఎవరెస్ట్ ఎక్కారు. అంతకు నాలుగేళ్ళ ముందు మన తెలుగు పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎక్కారు. శిక్షణ ఇస్తే ఎంత దూరం పోతారో ఆ పిల్లలు చూపించారు. ఆ శిక్షణకు పెట్టిన ఓపిక 800 మీటర్ల మీద ఎందుకు పెట్టరు?

ఇప్పుడు మన ఊళ్ళలో 1600 మీటర్లు పరిగెత్తే కుర్రాళ్ళు వందల్లో ఉన్నారు. పోలీసు భర్తీ కోసం. మహారాష్ట్రలో కానిస్టేబుల్ పరీక్షకు మగపిల్లలు 1600, ఆడపిల్లలు 800 పరిగెత్తాలి. మగపిల్లలు 5 నిమిషాల 10 సెకన్లలో ముగిస్తే ఆ పరుగుకు 20కి 20 మార్కులు. ఉద్యోగం కోసం పరిగెత్తడం తప్పని నేనెన్నడూ అనను, ఇల్లు గడవాలి. నా కోపం మనం పిల్లలకు పెట్టిన ఆ ఒక్క ద్వారం మీద. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద, తాడోబా అడవి వైపు ఊళ్ళలో అయితే పులి భయంతో, తెల్లవారుజామున లేచి నెలల తరబడి పరిగెత్తి, చివరికి ఒక్క ఉదయం, ఒక్క పరుగు. ఆ రోజు కడుపులో తిప్పితే అంతా పోయినట్టే. ఇలాంటి చోటనే సిరంజి దూరుతుంది. 2023లో మన దేశ క్రీడాకారుల నమూనాల్లో 3.8 శాతం డోపింగ్ పరీక్షలో దొరికాయి. పెద్ద దేశాల్లో మనదే అధ్వాన్నమైన లెక్క. జీవితమంతా ఒక్క పరుగుకు కట్టేశాక, ఆ ఒక్క పరుగు కోసం మనిషి దేనికైనా తెగిస్తాడు.

నగదు బహుమతుల రోడ్డు పరుగులు మరో శాపం. పండగకో, నాయకుడి పుట్టినరోజుకో పది కిలోమీటర్లు పెడతారు, మైకులు, టీషర్టులు, కవర్లో డబ్బులు. 800కు పుట్టిన పద్నాలుగేళ్ళ పిల్లను ఆ డబ్బుల కోసం వారం వారం సిమెంటు రోడ్డు మీద అరగదీస్తున్నారు. అవి పందేలే కదా అంటారేమో. పిల్ల నేర్చుకోవలసింది ఏదీ వాటిలో లేదు, గెలిస్తే డబ్బు, లేకుంటే తిట్లు. తల్లిదండ్రులను నేను నిందించను. సర్టిఫికెట్ ఉంటే క్రీడా మార్కులు, సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగాల్లో ఐదు శాతం క్రీడా కోటా అని చెప్పింది మనమే. గురువును రాష్ట్రానికి ఎంతమందిని పంపావని మాత్రమే అడిగేదీ మనమే.

పందేన్ని ప్రాక్టీసుగా వాడుకోవడం మోసం కదా, పూర్తి శక్తి పెట్టకుండా ట్రాక్ ఎక్కడం చూసేవాళ్ళను అవమానించడం కదా అని కొందరు పెద్దలంటారు. రానుపోను డబ్బులు తీసుకుని సగంలో పక్కకు తప్పుకునేవాడిది మోసమే. నేను చెప్పేవాడు వేరు. ఈరోజు మొదటి 400 మీటర్లు 58 సెకన్లలో పోతాను, ఆ తర్వాత ఎంతవరకు నిలబడగలనో చూస్తాను అని దిగేవాడు ఒంట్లో ఉన్నదంతా ధారపోస్తాడు. ఆఖరి వంద మీటర్లలో కూలబడి చివర్న వస్తాడేమో. ఆ చివరి స్థానానికి భయపడనివాడే రేపు పెద్దవాళ్ళ మధ్య నిలబడతాడు.

మరి ఇండోర్ హాలు కట్టించమంటున్నారా అని అడుగుతారు. అక్కర్లేదు. భువనేశ్వర్‌లో కళింగ స్టేడియం దగ్గర ఒకటి కట్టారు, మంచిదే. మంచు కురిసే ఊళ్ళకు పైకప్పు కావాలి. 2007 జూన్‌లో 49 డిగ్రీలు చూసిన చంద్రపూర్‌లో వేసవి పగళ్ళు పరుగుకు పనికిరావు, కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడి వాతావరణం ఏ కప్పూ లేకుండానే పరుగుకు సరిపోతుంది. ఒక్క జాగ్రత్త కావాలి. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం పొగ, గనుల దుమ్ము చలికాలం తెల్లవారుజామున నేలకు దిగి కూర్చుంటాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో దేశంలోనే నాలుగో స్థానంలో నిలిచిన ఊరు మనది. కాబట్టి పందేలు పొద్దున్నే పెట్టకండి, సాయంత్రం నాలుగింటికి పెట్టండి.

సరిసమానంగా పరిగెత్తే ఎనిమిదిమంది ఒక్క జిల్లాలో దొరకరంటారా? నిజమే, దొరకరు. కానీ బల్లార్‌పూర్‌కు రైల్లో గంటా గంటన్నర దూరంలో తెలంగాణలోని కాగజ్‌నగర్ ఉంది, ఆ దారిలోనే ఇంకాస్త ముందుకు పోతే మంచిర్యాల. మన రాజురా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. జివతి తాలూకాలో పరందోలి, ముకదంగూడ లాంటి సరిహద్దు ఊళ్ళను రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి, రెండు చోట్లా ఓట్లున్నాయి. సెలక్షన్ పందేనికి రాష్ట్రం అడ్డమొస్తుంది, ప్రాక్టీసు పందేనికి ఏ సరిహద్దూ లేదు. తెలంగాణ పిల్లలు, మన పిల్లలు ఒకే గీత మీద నిలబడొచ్చు.

కాబట్టి జిల్లా క్రీడాధికారులకూ, బల్లార్‌పూర్, ఘుగ్గుస్, రాజురా తెలుగు సంఘాల పెద్దలకూ నా విన్నపం ఇది. ఈ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు వారాలకొక ఆదివారం సాయంత్రం విసాపూర్ ట్రాక్ తెరిపించండి. 600, 800, 1500, 3000 పెట్టండి. వచ్చిన ప్రతి పిల్లనూ, పిల్లాడినీ పరిగెత్తనివ్వండి, ఒకే సాయంత్రం రెండుసార్లు పరిగెత్తుతానన్నా సరే. పతకాలొద్దు, సర్టిఫికెట్లొద్దు, వేదిక మీద కుర్చీలొద్దు. నలుగురు టైమ్ కీపర్లు, ప్రతి చుట్టు టైమింగూ రాసే ఒక పుస్తకం, తాగడానికి నీళ్ళు చాలు. పందెం అయ్యాక ఆ కాగితం పిల్లల చేతికివ్వండి. ఆ ఖర్చు భరించలేమని ఎవరైనా అంటే ముందుగా నా పేరు రాసుకోండి, నా వంతు నేనిస్తాను.