జీతం పడిందా సార్?

పొద్దున్నే సాగర్ రోడ్డు మీద నిలబడితే ఇబ్రహీంపట్నం వైపు వెళ్లే ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు లెక్కపెట్టలేం. 2020 మార్చిలో అవన్నీ ఆగిపోయి, పాఠాలు జూమ్‌లోకి వెళ్లాయి. రాష్ట్రంలో చాలా ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్లకు జీతాలు కోసేశారు, కొందరికి అసలు పడనేలేదు. మరి అందరూ కలిసి ఎందుకు అడగలేకపోయారు? నాకు తోచిన కారణం చిన్నదే. స్టాఫ్‌రూమ్ లేదు. "జీతం పడిందా సార్?" అని టీ తాగుతూ అడిగే చోటు అది. ఇంట్లో కూర్చుంటే ఎవరి కోత వాళ్లదే. కాలేజీ వాట్సాప్ గ్రూపులో అడుగుదామంటే అడ్మిన్ ప్రిన్సిపాలే!

బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. పని మాత్రం ఇంటికి కూడా వచ్చేసింది. నాక్ ఫైళ్లు, మార్కుల ఎంట్రీ రాత్రి పదకొండింటికి లాప్‌టాప్‌లో. అందుకే ల్యాబ్ అసిస్టెంట్లు, ఆఫీసు స్టాఫ్ కూడా ఉండే వేరే గ్రూపు కావాలంటాను.

యూనియన్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టడానికి ఏడుగురు చాలు. సభ్యులు మాత్రం మొత్తం సిబ్బందిలో పది శాతమో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి.

గ్రాట్యుటీ సంగతి చూడండి. అహ్మదాబాద్ ప్రైవేటు ప్రైమరీ టీచర్ల సంఘం దానికోసం సుప్రీంకోర్టుదాకా వెళ్లి 2004లో ఓడిపోయింది. 2009లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. మేనేజ్‌మెంట్లు సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అంటే ఐదేళ్లు నిండి మానేసే ఇబ్రహీంపట్నం లెక్చరర్ కూడా ఆ డబ్బు అడగొచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజ్‌మెంట్ బీరువాలో పెట్టుకుని ఒక్కడే వెళ్లి ఎలా అడుగుతాడో చెప్పండి.